విశాఖ దంతపు సామాను ఎవరి సృష్టి?

పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు చేసిన దంతపు కుర్చీలు, రాతబల్లలు, నగల పెట్టెలు బ్రిటన్ మ్యూజియంలలోనూ రాజభవనాల్లోనూ కనిపిస్తాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న ఇలాంటి సామానును 1781లో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. ఇంతటి ఆదరణ పొందిన ఈ పనిని ఆంగ్లేయ నమూనాలకు నకలుగా కొట్టిపారేయడం మాత్రం సులువుగా జరిగిపోతుంది. కుర్చీ కాళ్ళనూ బల్ల సొరుగులనూ చూసి ఇచ్చే తీర్పు అది. చెక్క మీద దంతాన్ని ఎలా అమర్చారో, దానిమీద గీత ఎలా గీశారో చూస్తే తీర్పు మారక తప్పదు.

తొలినాటి వస్తువుల్లో పని పొదుగుడు పద్ధతిలో సాగింది. రోజ్‌వుడ్ వంటి ముదురు రంగు చెక్కలో పువ్వు, ఆకు, తీగ ఆకారాలకు సరిపడా గుంటలు తొలిచి, వాటిలో దంతపు ముక్కలు కూర్చేవారు. దంతం మీద సన్నని ఉలితో ఈనెలు, రేకులు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. పైన మిగిలిన లక్కను గీకేస్తే గీతలో ఉన్నది మాత్రమే నిలిచేది. శతాబ్దం గడిచేకొద్దీ చెక్క కనుమరుగైంది; పలచని దంతపు రేకులు వస్తువు ఒళ్ళంతా కప్పేశాయి. పందొమ్మిదో శతాబ్దపు పెట్టెల్లో గంధపు చెక్క, దుప్పి కొమ్ము, తాబేటి చిప్ప, ఏదుపంది ముళ్ళు కూడా చేరాయి. అదే కాలపు ఇంగ్లండు వడ్రంగి పువ్వుకు నీడ చూపాలంటే రంగురంగుల చెక్క ముక్కల అంచులను వేడి ఇసుకలో ముంచి మాడ్చేవాడు. విశాఖ పనివాడు ఆ దారి పట్టలేదు. తెల్లటి దంతం, నల్లటి లక్కగీత, ఈ రెండింటితోనే లోతు చూపించాడు. నమూనాతో పాటు పనితనం కూడా అరువు తెచ్చుకున్నదే అయితే ఈ తేడా ఉండేది కాదు.

దీనికి రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది: కొన్ని పెట్టెల మీది భవనాల దృశ్యాలు ఐరోపా అచ్చు బొమ్మల నుంచి ఎత్తి రాసినవే. నిజమే. అయితే ఆ దృశ్యాల చుట్టూ పాకే పూలతీగల అంచులు ఈ తీరపు అద్దకం బట్టల అంచులకు దగ్గరి చుట్టాలు. కొనేవాడు అడిగిన బొమ్మకు చట్రం కట్టింది స్థానిక అలంకార సంప్రదాయమే. రెండోది: దంతం పొదగడం విశాఖకే సొంతం కాదు, గుజరాత్‌లో పోర్చుగీసుల కోసమూ ఇలాంటి పని జరిగింది. అదీ నిజమే కనుక ఈ విద్య ఇక్కడే పుట్టిందని చెప్పడం తగదు. కానీ ఒక పద్ధతి చాలాచోట్ల ఉన్నంత మాత్రాన ఒక ఊరి పనితనం చెరిగిపోదు. 1756లో ఇక్కడికి వచ్చిన మేజర్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరి పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అప్పటికే దీనికి సొంత పేరుండేదనడానికి అదే సాక్ష్యం.

కాబట్టి ఈ వస్తువులకు ఇద్దరు కర్తలున్నారు: రూపం కోరిన ఈస్టిండియా కంపెనీ అధికారి, దానికి ఒళ్ళు తొడిగిన తెలుగు పనివాడు. మొదటివాడి పేరు కొనుగోళ్ళ లెక్కల్లో దొరుకుతుంది. రెండోవాడు సంతకం చేయలేదు. పేరు లేదు గనుక పాత్ర లేదనుకోవడం చరిత్రకారుడు చేయకూడని పొరపాటు. దంతం వ్యాపారాన్ని చట్టం నిషేధించింది, ఏనుగుల దృష్ట్యా అది పూర్తిగా న్యాయం. ఆ పని మళ్ళీ జరగదు కాబట్టి, ఆ పనివాళ్ళ గురించి మనకు మిగిలిన ప్రధానమైన పత్రాలు ఆ వస్తువులే. మ్యూజియం వివరణల్లో యజమాని పేరుతో పాటు పొదుగుడు, లక్కగీత, అంచుతీగ గురించి కూడా రాస్తేనే ఆ పత్రాలను పూర్తిగా చదివినట్టు.