సమర్కందు నుండి బేగంపేట వరకు

కొత్తచెరువు వంటి మెట్ట ప్రాంతాలలో రైతు ఆకాశం వంక చూచేది వాన కోసమే. అతడు లెక్కించే కార్తెల పేర్లన్నీ నక్షత్రాల పేర్లే. ఆ కార్తెలలో ఒకటైన అనూరాధకు పేరిచ్చిన నక్షత్రాలున్న ఆకాశభాగాన్ని ఒకప్పుడు ప్రపంచం కోసం కొలిచినది హైదరాబాదు నగరమని తెలిసినవారు తక్కువ.

ఇంగ్లండులో చదివిన నవాబు జఫర్ జంగ్ అక్కడ 15 అంగుళాల దూరదర్శిని కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాల నెలకొల్పాడు. 1907లో ఆయన మరణించాడు. స్థాపకునితోనే శాల కూడా అంతరించడం చరిత్రలో కొత్త కాదు.

సమర్కందులో తైమూరు మనుమడు ఉలుగ్ బేగ్ 1420ల నాటికి మహా వేధశాలను కట్టించాడు. అక్కడి పండితులు 1018 నక్షత్రాల స్థానాలతో పట్టిక కూర్చారు. 1449లో ఆయన హత్యకు గురి కాగా శాల శిథిలమైపోయింది. కాని అలీ ఖుష్జీ వంటి శిష్యుల ద్వారా ఆ విద్య ఇస్తాంబుల్ చేరింది. ఆ పట్టిక 1665లో ఆక్స్‌ఫర్డులో అచ్చయింది. మట్టిలో కప్పబడిన కొలమానపు చాపం 1908లో తవ్వకాలలో బయటపడింది. నేడు దాని చెంతనే ప్రదర్శనశాల ఉన్నది.

అదే 1908లో నిజాం ప్రభుత్వం జఫర్ జంగ్ శాలను స్వీకరించినది. శాల బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చినది. 1887లో పారిస్‌లో సంకల్పించిన ఆకాశ పటంలో, చిలీ దేశపు సాంతియాగోకు మొదట కేటాయించిన దక్షిణ 17 నుండి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చినది. తర్వాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల భాగం కూడా చేరినది. టి.పి. భాస్కరన్ 1918 నుండి 1944 వరకు, ఆ తరువాత అక్బర్ అలీ ఆ శాలను నడిపారు. ఛాయాచిత్ర ఫలకాలపై ఒక్కొక్క చుక్కను కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాలలో ప్రకటించారు. అర్నెబ్ (కుందేలు), దిఫ్దా (కప్ప) అను అరబ్బీ పేర్ల నక్షత్రాలు ఆ దక్షిణ పట్టీలోనివే.

నగరపు దీపకాంతి పెరిగిన కొద్దీ పరిశీలన రంగాపూర్‌కు మారినది. 1968లో అక్కడ 48 అంగుళాల దూరదర్శిని పని ప్రారంభించినది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ పరిశీలించారు. బేగంపేట ఆవరణలో నేడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఉన్నది.

రెండు శాలలలోనూ స్థాపకుడు పోయిన పిదప నిలిచినది లెక్క. దానిని నిలిపినది ఓర్పుతో రాసి పదిమందికి అందించిన చేతులు. భూమిలో మిగిలిన చాపపు తునకను సమర్కందు సందర్శకులకు చూపుతున్నది. బేగంపేట శాలను కూడా అట్లే భద్రపరచి, ఫలకాలను కొలిచిన తీరును బాలబాలికలకు చూపవలసియున్నది. కార్తెల పేర్లు ఎరిగిన కొత్తచెరువు పిల్లవాడు అక్కడ నిలిచినపుడు, ఈ విద్య పరాయిదని అనుకోడు.