రక్తము చెప్పు రోగగతి

రోగి మంచము ప్రక్కన నిలిచిన వైద్యుని బంధువులు అడుగు ప్రశ్నలు రెండు. ఇది ఏమి జబ్బు అనునది మొదటిది. మనిషి గట్టెక్కునా అనునది రెండవది. మన ప్రాచీనులు ఈ రెండవ ప్రశ్నను చులకనగా చూడలేదు. చరకసంహిత వ్యాధులను సుఖసాధ్యములు, కష్టసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినది. యాప్యమనగా పూర్తిగా నయము కాకపోయినను చికిత్సతో నెట్టుకొని రాదగినది. ఆ గ్రంథమున ఇంద్రియస్థానమను భాగమంతయు మృత్యుసూచనలను గూర్చినదే. గ్రీకుల హిప్పొక్రటీసు పేర వెలసిన గ్రంథములలోను రోగగతిని ముందుగా గుర్తించుటకై ఒక ప్రత్యేక గ్రంథము కలదు. ఐతే వారు చూచినది రోగి ముఖవర్ణము, స్వరము, శ్వాస, నిద్ర. రక్తమును గాజుగొట్టములో పోసి ఈ ప్రశ్న అడుగుట ఆధునికుల పద్ధతి. ఊపిరితిత్తుల కాన్సరు విషయమున ఆ పద్ధతి ఎట్లు పెరిగినదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఇచట వివరింపదలచితిమి.

ఇరువదవ శతాబ్దారంభమున ఈ వ్యాధి అరుదు. సిగరెట్టు వాడుక పెరిగిన పిదప ఇదియు పెరిగినది. 1933 ఏప్రిలులో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఈవార్ట్స్ గ్రాహము అను శస్త్రవైద్యుడు కాన్సరు సోకిన ఒక ఊపిరితిత్తిని మొత్తముగా తొలగించి రోగిని బ్రతికించెను. ఆ రోగియు వైద్యుడే. 1950లో పొగత్రాగుటకును ఈ వ్యాధికిని గల సంబంధమును ఇంగ్లండున డాల్, హిల్ అనువారును, అమెరికాలో వైండరుతో కలిసి గ్రాహమును ప్రకటించిరి. చాలకాలము సిగరెట్లు త్రాగిన గ్రాహము 1957లో ఆ వ్యాధితోనే మరణించెను. అతడు బ్రతికించిన రోగి అప్పటికిని జీవించియే యుండెను.

ఒకే పేరు గల వ్యాధి ఇద్దరిలో ఇంత భిన్నముగా నడచుటకు కారణములు పెక్కులు. గడ్డ ఎంత పెద్దది, ఎంతవరకు ప్రాకినది అనునవి ముఖ్యము. వీనిని ఎక్స్‌రే, శస్త్రచికిత్స కొంత తెలుపును. కాని ఒకే దశలోనున్న ఇద్దరు రోగులలో ఒకడు త్వరగా క్షీణించుటయు, మరియొకడు నిలద్రొక్కుకొనుటయు కలదు. గడ్డను గూర్చియే గాక, గడ్డను మోయు దేహమును గూర్చియు తెలిసికొనవలసి వచ్చినది. అందుకు రక్తము సాక్షియైనది.

మొదటి సాక్ష్యము అతిసులభమైన పరీక్ష వలన లభించినది. గడ్డకట్టకుండ మందు కలిపిన రక్తమును సన్నని గొట్టములో నిలువుగా నుంచినచో ఎర్రకణములు క్రిందికి దిగును. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో కొలుచుటయే ఇ. ఎస్. ఆర్. పరీక్ష. దీనిని 1897లో పోలండు దేశీయుడు బియర్నాట్స్‌కి గమనించెను. స్వీడనులో 1918లో ఫారేయుస్, 1921లో వెస్టర్‌గ్రెన్ స్థిరపరచిరి. దేహమున తాపము, అనగా ఇన్‌ఫ్లమేషన్, ఉన్నపుడు ఫైబ్రినోజెన్ వంటి మాంసకృత్తులు రక్తమున హెచ్చును. అపుడు ఎర్రకణములు నాణెముల దొంతరవలె ఒకదానికొకటి అంటుకొని వేగముగా దిగును. ఐతే క్షయలోను, కీళ్లవాతములోను ఇట్లే జరుగును. కీడు ఉన్నదని చెప్పును గాని ఏ కీడో చెప్పదు.

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల రక్తమున ఒక క్రొత్త పదార్థమును కనుగొనిరి. అదియే సి-రియాక్టివ్ ప్రోటీన్. దేహమున తాపము పుట్టగానే కాలేయము దీనిని విరివిగా తయారుచేయును. అదే సమయమున ఆల్బుమిన్ అను మరియొక మాంసకృత్తు తగ్గును. కాన్సరు గడ్డలలో తెల్లకణములు చేరుటను జర్మను శాస్త్రజ్ఞుడు వీర్షో 1863లోనే గుర్తించెను. ఈ రెండు దారులును 2003లో గ్లాస్గో నగరమున కలిసినవి. శస్త్రచికిత్సకు వీలుకాని ఊపిరితిత్తుల కాన్సరు రోగులను పరిశీలించిన అచటి వైద్యులు ఒక సులభమైన లెక్కను కట్టిరి. లీటరు రక్తద్రవములో సి-రియాక్టివ్ ప్రోటీన్ 10 మిల్లీగ్రాములకు మించినచో ఒక మార్కు. ఆల్బుమిన్ 35 గ్రాములకు తగ్గినచో మరియొకటి. ఏ మార్కును లేనివారి కంటె రెండు మార్కులు గలవారి ఆయువు తక్కువగా కనబడినది. తెల్లకణములలో న్యూట్రోఫిలులు హెచ్చి లింఫోసైటులు తగ్గుటయు చెడు సూచనగానే పరిగణింపబడుచున్నది.

ఇవన్నియు దేహము పలుకు మాటలు. గడ్డ స్వయముగా రక్తములో వదలిన జాడలను వెదకుట రెండవ మార్గము. 1869లో ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అను వైద్యుడు కాన్సరుతో మరణించిన ఒకని రక్తమున, గడ్డలోని కణములను పోలిన కణములను సూక్ష్మదర్శినిలో చూచెను. 1948లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గున మాండెల్, మెటే అనువారు కణములకు వెలుపల, రక్తద్రవములోనే డి. ఎన్. ఏ. తేలియాడుటను కనుగొనిరి. నాడు దానిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు. 1977లో కాన్సరు రోగులలో అది హెచ్చుగా నుండుట బయటపడినది. 2016లో, ఊపిరితిత్తుల కాన్సరులోని ఒక జన్యుమార్పును రక్తమునుండియే గుర్తించు పరీక్షకు అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి నిచ్చెను. 2017లో ఇంగ్లండు పరిశోధకులు ప్రకటించిన ఫలితములలో, శస్త్రచికిత్స పొందిన కొందరికి వ్యాధి తిరుగబెట్టుటను, స్కాను పటములకంటె ముందుగా రక్తములోని డి. ఎన్. ఏ. తెలిపినది.

ఇంత సాధించినను ఒక హెచ్చరిక అవసరము. ఈ అంకెలు గుంపును గూర్చినవి; ఒక మనిషి జాతకము కావు. న్యుమోనియా వచ్చినను సి-రియాక్టివ్ ప్రోటీన్ హెచ్చును. స్టెరాయిడ్ మందు వాడినను తెల్లకణముల లెక్క మారును. క్షయ నేటికిని విస్తారముగా నున్న మన దేశమున ఇది మరువరాని మాట. గుంపు లెక్కకు ఇంకొక పరిమితియు కలదు. అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గౌల్డునకు 1982లో మీసోథీలియోమా అను అరుదైన కాన్సరు కనబడినది. ఆ వ్యాధిగ్రస్తులలో సగముమంది ఎనిమిది నెలలలోపలనే మరణింతురని గ్రంథములలో నుండెను. ఆ మిగిలిన సగము మాటేమని ఆయన ప్రశ్నించుకొనెను. పిదప ఇరువది ఏండ్లు జీవించి, 2002లో మరియొక కాన్సరుతో మరణించెను.

కావున రోగి బంధువులకు మేము చెప్పదగినది ఇది. పరీక్షాఫలితపు కాగితమును చేతబట్టి దినములు లెక్కించుకొనరాదు. ఈ అంకెవలన చికిత్సలో ఏమి మారును, ఆహారముచేతను మందులచేతను ఇందు చక్కదిద్దదగినది ఏమైన కలదా, మరల ఎపుడు పరీక్షింపవలెను అని వైద్యుని అడుగవలెను. రోగి తన స్థితిని తెలిసికొనగోరినచో దాచరాదు. వలదన్నచో బలవంతముగా వినిపింపరాదు. చరకుడు చెప్పిన నాలుగు విభాగములలో నేటి చికిత్స ఎక్కువగా మార్చినది మూడవదానినే. నిన్న అసాధ్యమని విడిచిన రోగులలో కొందరు నేడు మందులతో ఏండ్లు గడపుచు, పిల్లల పెండ్లిండ్లు చూచుకొనుచున్నారు. ఎవరికి ఏ మందు తగునో తెలిసికొనుటకు ఒక చిన్న గొట్టమెడు నెత్తురు సహాయపడుచున్నది.