ఫ్రిస్కో: పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన ఊరు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తెలుగు తల్లిదండ్రుల నోట ఈమధ్య తరచూ వినిపిస్తున్న పేరు ఫ్రిస్కో. టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్‌కు ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1990 జనాభా లెక్కల్లో ఇక్కడున్నది 6,138 మంది. 2020 నాటికి 2,00,509. ముప్పై ఏళ్లలో 32 రెట్లకు పైనే!

ఈ ఊరిని పుట్టించింది నీళ్లే అనాలి. ఒకప్పుడు పశువుల మందలను తోలుకెళ్లిన బాటే నేటి ప్రెస్టన్ రోడ్డు. ఆ బాట మీద లెబనాన్ అనే పల్లె ఉండేది. 1902లో రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి, ప్రెస్టన్ రోడ్డేమో మిట్ట మీద ఉంది. దాంతో పడమరగా నాలుగు మైళ్ల అవతల, పల్లంలో రైలు ఆగింది. లెబనాన్ వాళ్లలో కొందరు ఇళ్లను దుంగల మీద దొర్లించుకుంటూ కొత్త ఊరికి తెచ్చేసుకున్నారు. మొదట దీని పేరు ఎమర్సన్. అలాంటి పేరుతో ఇంకో ఊరు ఉందని తపాలా శాఖ ఒప్పుకోలేదు. చివరికి రైల్వే కంపెనీ పేరులోని ఫ్రిస్కోనే ఊరి పేరైంది. 1908లో పురపాలన ఏర్పడింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లు పత్తి, ధాన్యం, అంతే.

మరి ఇంత పెరుగుదల ఎలా వచ్చింది? డల్లాస్ నుంచి వచ్చే టోల్‌వే ఒక కారణం. రెండోది అమ్మకం పన్ను. వంద డాలర్ల సరుకు కొంటే 8.25 డాలర్లు పన్ను, అందులో 2 డాలర్లు ఊరికి. పక్కనున్న ప్లేనో ఆ రెండులో ఒక డాలరును డల్లాస్ ప్రాంత బస్సులు, రైళ్ల సంస్థ డార్ట్‌కు ఇస్తుంది. ఫ్రిస్కో డార్ట్‌లో చేరలేదు. ఆ డాలరును కంపెనీలను రప్పించడానికి, స్టేడియాలకు, పార్కులకు పెట్టింది. 2000లో స్టోన్‌బ్రయర్ మాల్, 2005లో సాకర్ స్టేడియం, 2016లో డల్లాస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, 2022లో గోల్ఫ్ సంస్థ పీజీఏ వచ్చాయి.

లెక్క బాగానే ఉంది. కానీ కారు నడపని అమ్మానాన్నలకే ఇబ్బంది. కూరగాయలకైనా, జుమా నమాజుకైనా, గుడికైనా కొడుకో కోడలో తీసుకెళ్లాల్సిందే. ఇస్లామిక్ సెంటర్, కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఊళ్లోనే ఉన్నాయి. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేవాళ్లు తక్కువ.

ఊరి మధ్యలో 1964 నుంచి పాత బ్యాటరీల సీసాన్ని కరిగించే ఫ్యాక్టరీ నడిచింది. ఇళ్లు దాని దాకా వచ్చాక గాలిలో సీసం గురించి జనం గట్టిగా పట్టుబట్టారు. 2012 చివర్లో అది మూతపడింది. చుట్టూ ఉన్న భూమిని నగరమే కొనుక్కుంది, మట్టి శుభ్రం చేయడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

చూడాలంటే హెరిటేజ్ మ్యూజియంతో మొదలుపెట్టడం మేలు, పాత ఊరు అక్కడే అర్థమవుతుంది. మనవళ్లు వెంట ఉంటే వీడియోగేమ్ మ్యూజియం. జూలై, ఆగస్టులో ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు, బయట తిరగడం పొద్దున్నే పెట్టుకోవాలి.