అడవి ఒకరిది, తీపి ఇంకొకరిది

అమెరికా ఈశాన్య మూలన ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో భూమి పత్రాలన్నీ ఊరి క్లర్కు కార్యాలయంలోనే ఉంటాయి. ఇళ్ల అమ్మకాలు, తాకట్ల మధ్య అక్కడ చెట్ల కౌలు ఒప్పందాలు కూడా నమోదవుతుంటాయి. చెట్టు కొట్టే హక్కు వాటిలో ఉండదు. చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నాలుగు నుంచి ఆరు వారాల్లో మేపుల్ మానుకు బెజ్జం వేసి, కారిన రసాన్ని కాచి సిరప్ చేసుకునే హక్కు మాత్రం ఉంటుంది. ఆ బెజ్జాన్ని, అందులో దిగేసే చిన్న గొట్టాన్ని కలిపి ట్యాప్ అంటారు. కౌలు కూడా ట్యాపుల లెక్కనే. ఏడాదికి ట్యాపుకు అర డాలరు నుంచి డాలరు దాకా ఇస్తారు, మంచి తోపు దొరికితే అంతకు మించి కూడా.

తాటిచెట్టు ఒకరి గట్టున ఉండటం, దాన్ని గీసే చెయ్యి మరొకరిది కావడం మన పల్లెలు ఎరిగిన సంగతే. మేపుల్ దేశంలో మాత్రం ఈ ఏర్పాటు వెనక దాదాపు రెండు వందల ఏళ్ల పేచీ ఉంది. చెట్టు కింది నేలను అమ్మినవాడు చెట్టులోని తీపిని కూడా అమ్మేసినట్టేనా?

1837 జూలైలో మిసిసిపి, మిన్నెసోటా నదులు కలిసే చోట, ఫోర్ట్ స్నెల్లింగ్ కోట దగ్గర ఈ ప్రశ్న సూటిగానే లేచింది. విస్కాన్సిన్ ప్రాంత గవర్నర్ హెన్రీ డాడ్జ్ అమెరికా ప్రభుత్వం తరఫున అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగల నుంచి లక్షల ఎకరాలు తీసుకోవడానికి వచ్చాడు. కలప వ్యాపారుల కన్ను అక్కడి పైన్ అడవుల మీద ఉంది. మాఘెగాబో అనే యోధుడు లేచి, ముందు పరిచిన పటం దగ్గర ఓక్ రెమ్మ ఒకటి ఉంచాడు. నేల ఇస్తాం గానీ మాకు బతుకునిచ్చే చెట్టును మేమే ఉంచుకుంటాం అని చెప్పాడు. సమావేశాన్ని నమోదు చేస్తున్న కార్యదర్శికి ఆ మాటలు అర్థం కాలేదు. దుబాసీలు పనికిమాలినవాళ్లని విసుక్కుంటూనే, వేట, చేపలు, మేపుల్ చక్కెర తయారీ హక్కులు మిగుల్చుకోవాలని వీళ్ల ఉద్దేశం కాబోలని పక్కన రాసిపెట్టాడు. తీరా జూలై 29న సంతకాలైన ఒప్పందంలో వేట ఉంది, చేపలు ఉన్నాయి, అడవి వరి ఉంది. మేపుల్ మాట లేదు.

ఆ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే ఒజిబ్వేల వసంతం ఎలా గడిచేదో చూడాలి. ఏప్రిల్‌ను వాళ్లు చక్కెర కాచే నెలగానే పిలుస్తారు. ప్రతి కుటుంబానికీ తనదైన మేపుల్ తోపు ఉండేది. దస్తావేజు లేదు, కంచె లేదు. ఏటా అదే కుటుంబం అదే తోపుకు వస్తుందని అందరికీ తెలుసు. బిర్చ్ చెట్టు బెరడుతో కుట్టిన దొన్నెలు, కాగులు, తెడ్లు అక్కడే ఒక గుడిసెలో దాచి వెళ్లేవారు, మళ్లీ వసంతానికి వచ్చి తీసుకునేవారు. రసాన్ని పాకం కంటే ముదరనిచ్చి, చెక్కదోనెలో తెడ్డుతో నూరి, రవ్వలాంటి చక్కెర చేసేవారు. అదే ఏడాది పొడుగునా చేపల్లోకి, బియ్యంలోకి, మందుల్లోకి. నేలను సొంతం చేసుకోకుండానే చెట్టు మీద హక్కును తరతరాలు నిలుపుకున్న పద్ధతి అది. ఇప్పటి కౌలు పత్రాలు అక్షరాల్లో పెట్టేది అలాంటి హక్కునే. తోపు మొదటి వారసులను తప్పించాక గానీ ఆ అక్షరాలు పుట్టలేదన్నది మాత్రం మరవకూడదు.

న్యాయం చాలా ఆలస్యంగా, కొంత మేరకే వచ్చింది. 1837 ఒప్పందం, ఆ తర్వాత 1842లో చేసుకున్న మరో ఒప్పందం కింద ఒజిబ్వేలకున్న అనుభవ హక్కులు చెల్లిపోలేదని 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. 1991లో విస్కాన్సిన్ ఫెడరల్ కోర్టు ఇంకాస్త విడమరిచింది. కలప అమ్ముకునే హక్కు ఆ ఒప్పందాల కిందికి రాదు; బెరడు, వంటచెరకు, మేపుల్ రసం లాంటివి వస్తాయి. కార్యదర్శి పక్కన రాసిపెట్టి వదిలేసిన మాటకు చట్టంలో చోటు దొరకడానికి 154 ఏళ్లు పట్టింది.

తూర్పున వలసదారుల కథ వేరేగా నడిచింది. 1790ల్లో మేపుల్ మీద ఫిలడెల్ఫియా పెద్దమనుషులకు గొప్ప ఆశ పుట్టింది. కరీబియన్ చెరకు చక్కెర బానిసల చెమటతో తయారవుతోంది; అడవిలో దొరికే చక్కెర ఉంటే ఆ పాపపు సరుకు కొనక్కర్లేదని బానిసత్వాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ వారైన క్వేకర్లు అన్నారు. డాక్టర్ బెంజమిన్ రష్ 1791లో థామస్ జెఫర్సన్‌కు లేఖ రూపంలో మేపుల్ మీద ఒక వ్యాసమే రాశాడు. జెఫర్సన్ వర్జీనియాలోని తన మాంటిచెల్లోలో మేపుల్ మొక్కలు నాటించాడు గానీ అవి అక్కరకు రాలేదు. బానిసలతో పని చేయించుకుంటున్న ఎస్టేట్‌లోనే ఆ నాట్లు పడ్డాయన్న నిజాన్ని పక్కన పెట్టి ఈ కథ చెప్పడం నాకు సరి కాదనిపిస్తుంది. న్యూయార్క్‌లో విలియం కూపర్ (నవలాకారుడు జేమ్స్ ఫెనిమోర్ కూపర్ తండ్రి) తన దగ్గర భూమి కొన్నవాళ్లకు కాగులు సమకూర్చి, వాళ్లు కాచిన చక్కెరను అమ్మకానికి పంపాడు. డచ్చి పెట్టుబడిదారుల ఏజెంటు గెరిట్ బూన్ మరీ ముందుకెళ్లి, చెట్ల నుంచి రసం తానే దిగువకు పారేలా కొండ పొడుగునా చెక్క కాలువలు వేయించాడు. ఎండకు చెక్కలు వంకర్లు పోయి, రసమంతా నేలపాలైంది. ఆ ఆశలు అంతటితో ఆరిపోయాయి.

తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా మేపుల్ అంటే రైతు, సొంత తోపు, బకెట్లు, గుర్రం లాగే మంచుబండి. చెట్లున్నవాడికి ఓపిక లేకపోతే పొరుగువాడికి వాటాకు ఇచ్చేవాడు. చెట్లు ఇతనివి, కష్టం అతనిది, సిరప్ ఇద్దరిదీ. నోటిమాట చాలేది. బకెట్ పద్ధతిలో ఒక ట్యాపుకు ఏడాదికి వచ్చేది సుమారు లీటరు సిరప్, దానికి 40 లీటర్ల రసం కాచాలి. ఆ బరువంతా మంచులో మోయాలి కాబట్టి ఎవరూ దూరపు తోపుల జోలికి పోలేదు.

బూన్ చెక్కతో చేయలేనిది ప్లాస్టిక్ చేసింది. 1959లో వెర్మాంట్‌కు చెందిన నెల్సన్ గ్రిగ్స్ రసం పారే ప్లాస్టిక్ గొట్టాలకు పేటెంటు పొందాడు. తర్వాత వాటికి వాక్యూమ్ పంపులు తోడై, ఒక్కో ట్యాపు దిగుబడి దాదాపు రెట్టింపైంది. దాంతో కౌలు స్వరూపమే మారిపోయింది. గొట్టాలు ఏడాదంతా అడవిలోనే ఉంటాయి, పొలిమేరలు దాటుతాయి, పల్లానికి దిగి కౌలుదారు ట్యాంకుకు చేరతాయి. ఎవరి చెట్టుకు గిరాకీ అన్నది వాలును బట్టి తేలుతుంది: రోడ్డుకు ఎగువన ఉన్న తోపు బంగారం, దిగువన ఉన్నది పంపుల ఖర్చు. గొట్టాలకు, స్టీలు తీగలకు, పంపులకు అంత డబ్బు పోసినవాడు ఏడాదికో మాట మీద ఆధారపడలేడు. అందుకే పదేళ్లు, పదిహేనేళ్లు, అంతకంటే ఎక్కువ గడువుతో రాతకోతలు వచ్చాయి. భూమి చేతులు మారినా ఒప్పందం నిలవాలని క్లర్కు దగ్గర నమోదు చేయిస్తున్నారు.

యజమాని లెక్క కూడా చూడాలి. ఎకరాకు అరవై, డెబ్భై ట్యాపులు పడే తోపులో డాలరు చొప్పున వచ్చేది డెబ్భై డాలర్ల లోపే. ఇది భూమి పన్నుకు ఆసరా అవుతుంది, అంతే. వెర్మాంట్‌లో 1978 నుంచి అడవిని అడవిగా వాడుకునేవారికి పన్ను తగ్గించే పథకం కూడా ఉంది. ఇంతకీ యజమాని కోల్పోయేదేమిటి? అది బెజ్జం దగ్గర నిలబడితే కనిపిస్తుంది. డ్రిల్లు తిరుగుతుంటే రాలే పొట్టు పాలమీగడ రంగులో ఉంటే అది బతికున్న చెక్క, రసం వస్తుంది. గోధుమరంగులో రాలితే లోపల పాత గాయం ఉన్నట్టే. పైన బెరడు రెండు మూడేళ్లలో మూసుకుపోయినా లోపల చెట్టు ఆ భాగాన్ని మూసేసి వదిలేస్తుంది. బెజ్జానికి పైనా కిందా అడుగు, అంతకు మించి మరకలా సాగిన ఆ చెక్కలో ఇక రసం ప్రవహించదు. మాను మొదట్లోని ఎనిమిది అడుగుల దుంగకే కలప ధర ఎక్కువ పలుకుతుంది. ట్యాపులు పడేదీ అక్కడే. ట్యాపు వేసే లావుకు చెట్టు ఎదగడానికి నలభై ఏళ్లు పడుతుంది. పదిహేనేళ్ల కౌలుదారు చేసే గాయం చెట్టు బతికినంత కాలం చెట్టులోనే ఉంటుంది.

అందుకే ఏ కౌలు పత్రంలోనైనా అద్దె కంటే నేను ముందు చూసేది చెట్టు లావు షరతు: పది పన్నెండు అంగుళాల వ్యాసం లేనిదానికి ట్యాపు వేయకూడదు, లావు చెట్టుకైనా రెండు మించకూడదు, కాలం ముగియగానే అన్నీ పీకేయాలి. అద్దె గీచి గీచి బేరమాడి ఈ షరతును గాలికొదిలే యజమాని తన మనవల ఆస్తిని అమ్ముకుంటున్నట్టే.

ప్రభుత్వ అడవుల్లోనూ ఈ కౌలు నడుస్తుంది. వెర్మాంట్ చట్టం రాష్ట్ర అడవుల్లో ట్యాపుకు రుసుమును ఒక నిర్ణీత మొత్తంగా కాకుండా సిరప్ ధరకే ముడిపెట్టింది: మే 1 నాటి మేలు రకం, వాణిజ్య రకం పౌను ధరల సగటులో నాలుగో వంతు. పాత వాటా పద్ధతి తర్కమే చట్టంలోకి వచ్చింది. సరిహద్దుకు అవతల, ప్రపంచపు మేపుల్ సిరప్‌లో సుమారు 70 శాతం తీసే కెనడాలోని క్యూబెక్‌లోనూ ప్రభుత్వ అడవుల్లో అనుమతితో ట్యాపులు వేసుకునేవారున్నారు. అక్కడ చెట్లు దొరికితే చాలదు. 2004 నుంచి కోటా పద్ధతి అమల్లో ఉంది కాబట్టి టోకున అమ్మాలంటే ఉత్పత్తిదారుల సమాఖ్య కేటాయింపు కూడా చేతిలో ఉండాలి.

భూమి కొనే స్తోమత లేక ఈ పనిలోకి వచ్చే యువకులకు చెట్ల కౌలే దారి. వాళ్లు సంతకం పెట్టేముందు గడువు తీరాక ఏం చేయాలో రాసిన పేరా చదువుకోవాలి. మానుల చుట్టూ బిగించిన స్టీలు తీగను ఎవరు, ఎన్ని నెలల్లో విప్పాలో అందులో ఉండాలి. విప్పకపోతే బెరడు దాన్ని మింగేస్తుంది, ఎన్నో ఏళ్లకు ఆ దుంగ మిల్లుకు వెళ్లినప్పుడు రంపం పళ్లకు తగులుతుంది.