లెక్కల మాస్టారి బండి, లండన్ కుర్రాళ్ల బండి

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కూర్చుంటే మోటారు సైకిలు చరిత్ర వచ్చింది. కారణం చెబితే మీలో చాలామంది క్షమిస్తారు. ఆ బండి మీకు తెలిసినదే. 1986 నుంచి చాలా ఏళ్లు స్టాఫ్ రూము పక్కన వేపచెట్టు కింద నిలబడి ఉండేది. గేటు దగ్గర దాని చప్పుడు వినపడితే ఎక్కడివాళ్లం అక్కడ సర్దుకుని, లెక్కల నోటు తీసేవాళ్లం. లెక్కల మాస్టారి హీరో హోండా సీడీ 100. ఆ లెక్కల మాస్టారు మా నాన్న. ఆయన బండి కొన్న ఏడు నేను తొమ్మిదో తరగతి.

నాన్న 2017లో పోయారు. బండి మా ఇంటి పంచలో గోనెపట్టా కింద ఉండిపోయింది. 2021 వేసవిలో సెలవు పెట్టి అమ్మ దగ్గర ఉన్నప్పుడు, దాన్ని కెఫే రేసరుగా మార్చాలని బుద్ధి పుట్టింది. మా అబ్బాయి ఫోనులో చూపించిన ఒక ఫొటో దానికి మూలం. కిందికి వంగిన హ్యాండిలు, సన్నగా పొడుగాటి టాంకు, వెనక ఎద్దు మూపురంలాంటి గడ్డతో ఒంటి సీటు, ఎక్కడా అనవసరమైన రేకు ముక్క లేదు. ముప్పై ఏళ్లు యంత్రాల మధ్య బతికినవాడికి అలాంటిది చూస్తే చేతులు ఊరుకోవు. అయితే పానా పట్టుకునే ముందు ఆ ఆకారం ఎక్కడ పుట్టింది, ఎందుకలా వచ్చింది అని చదవడం మొదలుపెట్టాను. కారణం తెలియకుండా సూత్రం వాడితే నాన్న ఊరుకునేవారు కాదు కదా.

లండన్ ఉత్తర భాగాన్ని చుట్టివచ్చే నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో ఏస్ కెఫే అని ఒకటి తెరిచారు. ముఖ్యంగా లారీ డ్రైవర్ల కోసం. మన హైవే పక్క దాబా అనుకోండి. యుద్ధంలో బాంబు పడి పోయింది, 1949లో మళ్లీ కట్టారు. రాత్రంతా తెరిచి ఉండేది, టీ చవక, నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్ బాక్సు ఉండేది. యాభైల్లో అక్కడికి మోటారు సైకిళ్ల కుర్రాళ్లు చేరారు. పగలు ఫ్యాక్టరీల్లోనూ వర్క్‌షాపుల్లోనూ పని చేసేవాళ్లు, అప్పుడప్పుడే సొంత జీతం చూసినవాళ్లు. జ్యూక్ బాక్సులో పాట పెట్టి, అది అయ్యేలోగా ఫలానా చోటు దాకా వెళ్లి తిరిగి రావాలని పందేలు కాసేవారని కథలు కథలుగా చెబుతారు. గంటకి వంద మైళ్లు, అంటే మన లెక్కలో 161 కిలోమీటర్లు, దాటితే 'టన్' కొట్టినట్టు. వీళ్లు నిజం రేసర్లు కారు, టీకొట్టు రేసర్లు అని లారీవాళ్లు వెటకారంగా అన్న మాటే కెఫే రేసరు అనే పేరయిందంటారు.

వాళ్లకి ఐల్ ఆఫ్ మాన్ పందేల్లో పరుగెత్తే బళ్లంటే పిచ్చి. వాటిని కొనే డబ్బు లేదు. ఉన్నది ఒక్కటే బండి, పొద్దున పనికి వెళ్లేదీ అదే. దాన్నే పందెపు బండిలా చెయ్యాలి. కొత్తవి కొనలేనివాడు ఏం చేస్తాడు? ఉన్నవి తీసేస్తాడు. పెద్ద మడ్‌గార్డులు తీసేశారు. పొడుగు సీటు తీసేసి ఒకడికి సరిపడేది వేశారు. ఎత్తు హ్యాండిలు తీసి కిందికి తెచ్చారు. దానికీ డబ్బు లేనివాడు ఉన్న హ్యాండిలునే తలకిందులుగా తిప్పి బిగించాడు. స్తోమత ఉన్నవాడు క్లిప్ ఆన్స్ కొన్నాడు. అవి ముందు ఫోర్కు గొట్టాలకే చెరోపక్క పట్టుకునే రెండు పొట్టి పిడులు. చేతులు ముందుకీ కిందికీ పోతే కాళ్లు వెనక్కి రావాలి కాబట్టి ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారు. దాంతో గేరుకీ బ్రేకుకీ కొత్త లింకులు కావలసి వచ్చాయి.

ఇదంతా వేషం కాదు, దీని వెనక లెక్క ఉంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, ఆ అడ్డుని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. ఇంజన్ పెంచడం ఖరీదు. మనిషి టాంకు మీద పడుకోవడం ఉచితం. నాన్న బోర్డు మీద వేసి ఉంటే వర్గం, ఘనం అని రెండు మాటల్లో తేల్చేసేవారు.

వీటన్నిటిలో పేరు మోసింది ట్రైటన్. ట్రయంఫ్ ఇంజన్, నార్టన్ ఫ్రేము కలిపిన సంకరం. నార్టన్ వాళ్ల 'ఫెదర్‌బెడ్' ఫ్రేమును బెల్‌ఫాస్ట్‌కి చెందిన మెకాండ్లెస్ సోదరులు రూపొందించారు. 1950లో పందేల్లోకి దిగింది, మలుపుల్లో దానికి సాటి లేదు. ట్రయంఫ్ జంట సిలిండర్ల ఇంజన్‌కి మంచి బలం, కాస్త గిల్లితే ఇంకా బలం. అయితే ఫ్రేములు ఎక్కడ దొరికాయి? ఆ రోజుల్లో 500 సీసీ చిన్న రేసు కార్లకి నార్టన్ ఇంజన్ కావలసి వచ్చేది. కంపెనీ ఇంజన్ విడిగా అమ్మదు కాబట్టి కార్లవాళ్లు మొత్తం బండి కొని, ఇంజన్ పీక్కుని, ఒట్టి ఫ్రేము వదిలించుకునేవారు. ఒకడు పారేసింది ఇంకొకడికి పెట్టుబడి అయింది. ఇంజనీరుగా నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. కొత్త ఆవిష్కరణ ఒక్కటీ లేదు. పక్కపక్కన పడి ఉన్న రెండు వస్తువులు ఒకదానికొకటి పనికొస్తాయని చూడగలగడమే.

ఇక్కడ నాకో ప్రశ్న వచ్చింది. వెనక సీటు అంత సులువుగా ఎలా తీసేయగలిగారు? అంతకుముందు ఇంగ్లండులోనూ మోటారు సైకిలు పేద కుటుంబాల వాహనమే. పక్కన సైడ్‌కారు తగిలించి, అందులో భార్యనీ పిల్లల్నీ కూర్చోబెట్టి ఆదివారాలు సముద్రతీరానికి వెళ్లేవారు. చవక కార్లు వచ్చాక, అందులోనూ 1959లో మినీ వచ్చాక, కుటుంబాలు సైడ్‌కారు దిగి కారెక్కేశాయి. మోటారు సైకిలు ఒంటరి కుర్రాడికి మిగిలింది. అంటే ఆ కుర్రాళ్లు సీటు కోసేనాటికి వెనక కూర్చునేవాళ్లు చాలామంది అప్పటికే దిగిపోయారు. పుస్తకాల్లో వేగం గురించీ తోలు కోట్ల గురించీ పేజీలకి పేజీలున్నాయి. ఈ సంగతి మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు.

చిన్న బండి కథ కూడా చెప్పాలి, అది మన మద్రాసు దాకా వస్తుంది. 1961లో అక్కడ లెర్నర్ లైసెన్సువాళ్లు 250 సీసీ దాటిన బండి నడపకూడదని నియమం పెట్టారు. దాంతో చిన్న ఇంజన్‌కే పెద్ద ముస్తాబు మొదలైంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1965 నాటికి కాంటినెంటల్ జీటీ అని 250 సీసీ బండి తెచ్చింది. క్లిప్ ఆన్స్, ఎర్రటి ఫైబర్ టాంకు, ఐదు గేర్లు అన్నీ కంపెనీయే పెట్టి ఇచ్చింది. కుర్రాళ్లు పెరట్లో చేసుకునేదాన్ని ఫ్యాక్టరీ చేసి అమ్మడం అన్నమాట. అప్పటికి పదేళ్ల ముందే, 1955లో, ఆ కంపెనీ బుల్లెట్ తయారీ మద్రాసులో మొదలైంది. ఇంగ్లండు కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడింది, మద్రాసుది నిలిచింది. 2013లో అదే కాంటినెంటల్ జీటీ పేరుతో చెన్నైలో తయారైన బండి లండన్ వెళ్లింది.

ఏస్ కెఫే వైభవం పదేళ్లు మించలేదు. ఆ పందేల్లో పోయినవాళ్లు పోయారు. అక్కడ హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో. పత్రికలు వాళ్లని రౌడీలన్నాయి. బిల్ షెర్గోల్డ్ అనే చర్చి ఫాదరీ మాత్రం తనూ మోటారు సైకిలెక్కి వాళ్ల మధ్యకి వెళ్లి, వాళ్లని తన 59 క్లబ్బులో చేర్చుకున్నాడు. 1969లో కెఫే మూసేసి టైర్ల దుకాణం చేశారు. 2001లో మళ్లీ తెరిచారు. అప్పటికి ఆ కుర్రాళ్లు నా వయసువాళ్లూ అంతకు పెద్దవాళ్లూ.

ఇక మన వైపు. 1985లో సీడీ 100 వచ్చింది. 97.2 సీసీ, ఎనిమిది గుర్రాల లోపు బలం. రెండేళ్లలో పల్లెటూరి టీచర్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, ఎరువుల దుకాణదారులు లోన్లు పెట్టి కొన్నారు. ఇంగ్లండులో కుటుంబం బండి దిగాక పాతికేళ్లకి మన కుటుంబం బండి ఎక్కింది. అందుకే మనం ఏదీ తీసెయ్యలేదు, తగిలిస్తూ పోయాం. ముందు లెగ్ గార్డు, దానికి సంచి, వెనక క్యారియరు, అమ్మ కాలు పెట్టుకునే మెట్టు, చీర గార్డు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నిబంధన చూడండి. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాలికి ఆధారం, బట్ట చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలంటుంది. నాన్న బండి మీద టాంకు దగ్గర చెల్లి, మధ్యలో నేను, వెనక పక్కకి కూర్చుని అమ్మ. క్యారియర్‌లో జవాబు పత్రాల కట్ట. సంచిలో బోర్డు మీద వృత్తాలు గీసే చెక్క కంపాసు.

అవన్నీ ఒక్కొక్కటే విప్పి పెరట్లో కాటా మీద వేశాను. సీటుతో కలిపి పదకొండున్నర కిలోలు. తూకంలో తక్కువేమీ కాదు, వంద సీసీ బండికి తేడా తెలుస్తుంది. టౌనులో లేతు షాపులో క్లిప్ ఆన్స్ చేయించాను, ఫుట్‌రెస్టులకి పలకలు కోయించాను. వెనక బ్రేకు రాడ్ పొట్టిది చేయించడానికి మూడుసార్లు తిరిగాను. ఫైబర్‌తో మూపురం సీటు నేనే పోశాను. అందరూ చేసే పని ఒకటి మాత్రం చెయ్యలేదు. ఆ సీటు అందంగా అమరాలంటే ఫ్రేము వెనక భాగం కోసి వెల్డింగు చెయ్యాలంటారు. షాకబ్జార్బరు బరువు పడే చోటు అది. వెల్డింగు వేడికి పక్కనున్న ఇనుము గుణం మారుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ఫ్యాక్టరీలో అలాంటి పగుళ్లు చూసినవాణ్ని. అదీగాక కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పదు. పాత బోల్టు రంధ్రాలకే అన్నీ సరిపెట్టాను. కాస్త వికారంగానే ఉంది, ఒప్పుకుంటాను.

అరుగు మీంచి అమ్మ అన్నీ చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. చివరిరోజు సీటు బిగించి, కిక్కు కొట్టి, చూడమని పిలిచాను. చుట్టూ తిరిగి చూసింది. "బాగుంది గానీ, మరి నేనెక్కడ కూర్చోను రా?" అంది. నవ్వుతూనే అంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, నాన్న పోయాక బండి ఎక్కనే లేదు.

నాకు జవాబు రాలేదు. లండన్ కుర్రాడికి ఈ ప్రశ్న వేసేవాళ్లు లేరు. లేరని అంతకు నెల ముందే చదివి, సంబరంగా నోటుపుస్తకంలో రాసుకున్నవాణ్ని నేనే. పదకొండున్నర కిలోలు అని తూచినప్పుడు అందులో అమ్మ కూర్చునే చోటు ఉందన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఇప్పుడు బండికి రెండు అవతారాలు. మూపురం సీటు పంచలో మేకుకి వేలాడుతోంది. పొడుగు సీటు, చీర గార్డు తిరిగి ఎక్కాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కీ అలాగే తీసుకెళ్లాను. మార్చాలంటే నాలుగు బోల్టులు, అరగంట. పండక్కి మా అబ్బాయి వస్తే మూపురం ఎక్కుతుంది, పెరట్లో రెండు చక్కర్లు కొడతాడు, మళ్లీ దిగుతుంది.

టాంకు ఎడమ పక్కనున్న చొట్టకి మాత్రం లప్పం పెట్టలేదు. 1987లో మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో స్టాండు తీసి నడపబోతే బండి పడింది. చేసిందెవరో నాన్న క్లాసులో అడిగారు, ఎవరూ లేవలేదు. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఆ సంగతి తెలుసు, ఒకణ్ని నేను. రెండోవాడు ఈ సంచిక చదువుతాడు. ఉత్సవం రోజున బండి వేపచెట్టు కిందే ఉంటుంది, పొడుగు సీటుతో. అమ్మ వస్తానంది. వచ్చి, ఆమె ముందు ఒప్పుకోరా.