నౌకల పునర్వినియోగం (విశాఖపట్నం)

నౌకా పరిశ్రమలో చక్రీయ ఆర్థిక విధానం అంటే ఓడను మరమ్మతులతో ఎక్కువకాలం నడపడం, పనికొచ్చే భాగాలను వేరే ఓడలకు వాడడం, చివరికి దాని ఉక్కును మళ్లీ పరిశ్రమకు చేర్చడం. విశాఖపట్నంలో దీనికి మేలైన ఉదాహరణ ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో భారత నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామిని 1975లో పక్కన పెట్టి, విడిభాగాలను తోటి జలాంతర్గాములకు అమర్చారు. అలా ఒట్టిపోయిన నౌకకే 1980-82లో సోవియట్ యూనియన్‌లో పూర్తి మరమ్మతు చేయించి మళ్లీ సముద్రంలోకి దింపడం విశేషం. 2001లో సేవ నుంచి తప్పించాక అది తుక్కుకు పోలేదు. రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా మారి, 2002 నుంచి సందర్శకులకు తెరుచుకుంది.

1941లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ఇక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డ్ కొత్త ఓడలు కట్టడంతోపాటు పాతవాటిని బాగుచేస్తుంది. ఇందులో ఐఎన్ఎస్ సింధుకీర్తి అనే జలాంతర్గామి మరమ్మతుకు దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది; 2015లో ముగిసింది. పాత నౌకకు ఆయుష్షు పెంచడం కొత్తది కట్టడమంత కష్టం కావచ్చు.

ఇక మరమ్మతుకు కూడా పనికిరాని ఓడలను విడగొట్టే పని దేశంలో ప్రధానంగా గుజరాత్‌లోని అలంగ్‌లో సాగుతుంది. ఓడలోని ఆస్బెస్టాస్ వంటి ప్రమాదకర పదార్థాల జాబితాను 2019 నాటి నౌకల రీసైక్లింగ్ చట్టం తప్పనిసరి చేసింది. గ్యాస్ కట్టర్‌తో రేకులు కోసే కార్మికుల ఆరోగ్యానికి ఈ జాబితా చాలా అవసరం. ఇదే లక్ష్యంగల హాంకాంగ్ అంతర్జాతీయ ఒప్పందం 2025 జూన్ 26న అమల్లోకి వచ్చింది.