కళాచరిత్ర అధ్యయనం: ఏలూరు – కొల్లేరు సీమ

శిల్పం, చిత్రం, వాస్తు, చేతిపని ఏ కాలంలో, ఎవరి పోషణలో, ఏ పద్ధతిలో రూపుదిద్దుకున్నాయో పరిశీలించే విద్య కళాచరిత్ర. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలతో కూడిన పాత వేంగి సీమలో ఈ విద్యకు కావలసిన సామగ్రి పుష్కలం. గుంటుపల్లి గుహలు, పెదవేగి దిబ్బలు, భీమవరం, పాలకొల్లు ఆలయాలు, ఏలూరు తివాచీలు, నరసాపురం లేసు అన్నీ ఇక్కడివే. ఈ సీమలో పుట్టినవారు రెండు శతాబ్దాలకు పైగా ఈ పనిలో ఉన్నారు. అయినా కళాచరిత్ర ఇక్కడి కాలేజీల్లో చరిత్ర పాఠాల్లో భాగంగానే సాగింది. చిత్రకళా విద్యార్థులకు అది ఒక రాతపేపరు.

డిగ్రీగా కళాచరిత్ర

ఐరోపాలో కళాచరిత్ర విశ్వవిద్యాలయ విషయంగా స్థిరపడింది 19వ శతాబ్దంలో. జర్మనీలోని గోటింగెన్, బెర్లిన్, ఆస్ట్రియాలోని వియన్నా అందుకు మొదటి కేంద్రాలు. లండన్‌లో కోర్టాల్డ్ ఇన్‌స్టిట్యూట్ 1932లో మొదలైంది. భారతదేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1921లో భారతీయ లలితకళల కోసం వాగీశ్వరీ ఆచార్య పీఠాన్ని ఏర్పాటు చేసి, అవనీంద్రనాథ్ ఠాగూరును మొదటి ఆచార్యుడిగా నియమించింది. వియన్నాలో చదువుకున్న స్టెల్లా క్రామ్రిష్ అదే విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి భారతీయ కళను బోధించారు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1950లో లలితకళల విభాగం ఆరంభమైంది. కుంచె పట్టడంతో పాటు కళను చదవడం, విమర్శించడం కూడా ఒక వృత్తివిద్యగా అక్కడ నిలదొక్కుకుంది. కళాచరిత్రనే ప్రధాన విషయంగా తీసుకుని డిగ్రీ చదివే వీలు బరోడాలోనూ, శాంతినికేతన్ కళాభవన్‌లోనూ ఉంది.

ఏలూరు కావలి సోదరులు

తెలుగువారి కళావశేషాల పరిశోధన ఒక ఏలూరు కుటుంబంతోనే మొదలైందనవచ్చు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య (1776–1803), ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీయడం, ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు రాయించడం, పండితులతో, గుడి పూజారులతో మాట్లాడి సమాచారం రాబట్టడం వారి పని. పాత కన్నడ లిపి శాసనాలను చదివే మార్గం పట్టుకున్న ఘనత బొర్రయ్యది. జైనుల గురించి ఆయన సేకరించిన వివరాలు మెకంజీ వ్యాసంలో భాగంగా ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటంలో అచ్చయ్యాయి. ఇరవై ఏడేళ్లకే ఆయన కన్నుమూస్తే మెకంజీ మద్రాసు సముద్రతీరాన ఒక స్మారకం కట్టించాడు.

1816 తర్వాత మెకంజీ చిత్రకారులు అమరావతి స్తూపపు ఫలకాలను ఒక్కొక్కటిగా గీశారు. ఆ ఫలకాల్లో చాలా భాగం తర్వాతి కాలంలో పగిలి, సున్నపు బట్టీల పాలై పోయాయి. కాబట్టి ఆ గీతలే నేటి పరిశోధకులకు ఆధారం. 1821లో మెకంజీ మరణించాక ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చారు. అంత పెద్ద పనిని ఒక భారతీయుడు స్వతంత్రంగా నడపగలడని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. లక్ష్మయ్య మద్రాసులో హిందూ సాహిత్య సమాజాన్ని నడిపారు. రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలపై ఇంగ్లీషులో పుస్తకం వెలువరించారు. సేకరణ ఏలూరివారి చేతుల్లో, నిర్ణయం దొరల చేతుల్లో ఉన్న ఆ ఏర్పాటు చాలాకాలం అలాగే సాగింది.

గుంటుపల్లి, పెదవేగి: చదవవలసిన రాళ్లు

కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి కొండ ఈ సీమలో కళాచరిత్రకు ప్రధాన పాఠం. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదని భావించే గుండ్రని బౌద్ధ చైత్యం (పూజామందిరం) అక్కడ కొండలో తొలిచి ఉంది. లోపల రాతి స్తూపం. దాని మీది గుమ్మటం లోపలివైపు చెక్క వాసాల్లా పక్కటెముకలు చెక్కారు. రాతికి వాసాల అవసరం లేదు. అప్పటి కర్ర ఇళ్ల, పూరి గుమ్మటాల రూపాన్ని శిల్పులు రాతిలోకి దించారు. కర్ర కట్టడాలు ఎప్పుడో నశించాయి, వాటి ఆకృతి గుంటుపల్లిలో మిగిలింది. బీహారులోని బరాబరు కొండల సుదామ, లోమశ రుషి గుహలతో, పడమటి కనుమల్లో జున్నారు దగ్గరి తుల్జా గుహతో దీన్ని పోల్చి చూస్తారు. పెర్సీ బ్రౌన్ భారతీయ వాస్తుపై రాసిన గ్రంథంలో గుంటుపల్లికి చోటిచ్చాడు.

మద్రాసు ప్రెసిడెన్సీలోని ప్రాచీన అవశేషాల జాబితాలను రాబర్ట్ సూయెల్ 1882 నుంచి వెలువరించాడు. తర్వాత పురావస్తు శాఖకు చెందిన ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ గుంటుపల్లి గుహలను వర్ణించాడు. కొండ మీద ఇటుక చైత్యం, వరసలుగా మొక్కుబడి స్తూపాలు, భిక్షువుల గుహలు ఉన్నాయి. మహామేఘవాహన వంశీయుడైన సిరిసద రాజు శాసనం కూడా ఇక్కడే దొరికింది. గుహలోని స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. కట్టినవారి మతం మారిపోయినా పూజ ఆగలేదన్న ఈ సంగతిని కూడా కళాచరిత్రకారులు గమనించాలి.

ఏలూరుకు చేరువలోని పెదవేగి శాలంకాయనుల, తర్వాత తూర్పు చాళుక్యుల వేంగీపురంగా పేరుపడింది. శాలంకాయన రాజులు తమ శాసనాల్లో చిత్రరథస్వామి భక్తులమని చెప్పుకున్నారు. ఆ వంశపు నందివర్మ రాగిశాసనం ఒకటి కొల్లేరు పేరుతోనే పండితలోకానికి తెలుసు. 1980ల మధ్యలో పురావస్తు శాస్త్రవేత్త ఇంగువ కార్తికేయ శర్మ పెదవేగిలో తవ్వకాలు జరిపారు. గుంటుపల్లి శాసనాలపైనా, తొలినాటి శైవ శిల్పం, వాస్తుపైనా ఆయన రచనలు ఈ సీమ గురించి చదివేవారికి తప్పనిసరి. భీమవరం గునుపూడి సోమేశ్వరాలయం, పాలకొల్లు క్షీరారామం పంచారామాలనే ఐదు శివక్షేత్రాల్లోవి. మారేమండ రామారావు 1964లో వెలువరించిన తూర్పు చాళుక్య ఆలయాల గ్రంథం వేంగి వాస్తుకు తొలి సమగ్ర పరిచయాల్లో ఒకటి.

శాసనాల దారి

20వ శతాబ్దపు తెలుగు చరిత్రకారులకు కళ చాలావరకు శాసనాల వెంట దొరికిన విషయం. గుడి ఎందుకు అందంగా ఉందన్న ప్రశ్న కంటే ఎవరు కట్టించారన్న ప్రశ్నే వారికి ముందు వచ్చింది. నరసాపురం ప్రాంతంలోని మినుమించిలిపాడులో పుట్టిన మల్లంపల్లి సోమశేఖర శర్మ (1891–1963) ఆ తరానికి ప్రతినిధి. డిగ్రీ పట్టా లేకుండానే ఆయన శాసన పరిశోధనలో పాండిత్యం సంపాదించారు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వంలో పనిచేశారు, చివరి దశలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. 1948లో వచ్చిన ఆయన రెడ్డి రాజ్యాల చరిత్రలో రాజకీయంతో పాటు ఆనాటి కళలు, వేడుకలు, జనజీవనం కనిపిస్తాయి. 1922లో రాజమండ్రిలో ఏర్పడ్డ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, దాని ఇంగ్లీషు పత్రిక ఇలాంటి పనికి వేదికలయ్యాయి.

శిల్పాన్ని శిల్పంగా చదివే పద్ధతికి మద్రాసు మ్యూజియం బాట వేసింది. అమరావతి శిల్పాలపై సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం ఆ ఫలకాల్లోని వేషం, నగ, వాద్యం, వాహనం, ఇంటి కట్టడి వరకూ ఒక్కొక్కటీ వివరించింది. అది వచ్చాక తెలుగునాట బౌద్ధశిల్పం గురించి రాసేవారికి రాజుల పేర్లతో సరిపెట్టుకునే వీలు లేకపోయింది.

రాజమండ్రి, బందరు బడులు

గోదావరికి అటు రాజమండ్రి, కొల్లేటికి ఇటు బందరు. ఈ రెంటి మధ్య ఉన్న సీమకు చిత్రకళ రెండు వైపుల నుంచీ వచ్చింది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే విద్యార్థుల్లో బొమ్మలు వేసేవారిని గుర్తించి ప్రోత్సహించాడు. దామెర్ల రామారావు (1897–1925) ఆయన చలవతోనే బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. ఆయన అకాలమరణం తర్వాత మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని, చిత్రశాలను నిలబెట్టారు.

బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. 1920ల్లో బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ అక్కడ బొమ్మలు నేర్పారు. భీమవరం దగ్గరి సరిపల్లెలో పుట్టిన అడివి బాపిరాజు (1895–1952) కూల్డ్రేకూ, చటోపాధ్యాయకూ ఇద్దరికీ శిష్యుడే. తర్వాత 1930ల్లో ఆ జాతీయ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. శాతవాహన కాలాన్ని హిమబిందులో, ఇక్ష్వాకుల కాలాన్ని అడివి శాంతిశ్రీలో నవలలుగా రాశారు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లోని మనుషులు ఎలా కట్టుకున్నారో, ఎలా నడిచారో సామాన్య పాఠకుడు మొదట ఆ నవలల్లోనే చూశాడు. కళను చూసి రాయడంలో తెనాలి వైపు తుమ్మపూడివాసి సంజీవదేవ్ (1914–1999) మరో దారి తొక్కారు. కాలేజీ చదువుతో నిమిత్తం లేకుండా, దేశం తిరిగి, చూసి, రాసి తెలుగులో కళావిమర్శను నిలబెట్టిన ఆయనకు ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

కాలేజీల్లో కళాచరిత్ర

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. మొదటి వైస్‌చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వ సౌందర్యాన్ని తెలుగులో కొత్తగా చర్చించిన విమర్శకుడు. ఆయన పేరుతోనే 1945లో ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వెలిసింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం కాలేజీలు దశాబ్దాల పాటు ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే నడిచాయి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని పరిధిలోకి వెళ్లాయి.

ఈ కాలేజీల్లో బి.ఏ. అంటే చాలాకాలం పాటు ఎక్కువమందికి హెచ్‌ఈపీ, అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి. కళాచరిత్ర ఇందులో చరిత్ర పేపర్లలో ఇమిడింది. రాజవంశాల పాఠం చివర సాహిత్యం, కళలు, వాస్తు అని ఒక భాగం ఉంటుంది. పరీక్షలో దాని మీద వచ్చే ప్రశ్నకు బొమ్మ చూడకుండానే జవాబు రాయవచ్చు. 2023–24 నుంచి రాష్ట్రంలో ఒకే ప్రధాన సబ్జెక్టుతో సాగే డిగ్రీ విధానం వచ్చింది. మరోవైపు సివిల్ సర్వీసు మెయిన్స్‌లో ప్రాచీన కాలం నుంచి ఆధునిక కాలం వరకూ కళారూపాలు, వాస్తు సిలబస్‌లో ఉన్నాయి. అందుకే కళాచరిత్ర పుస్తకాన్ని మొదటిసారి శ్రద్ధగా తెరిచేది పోటీపరీక్షల కోసమే అన్న విద్యార్థులు ఎందరో.

బొమ్మలు నేర్చుకోదలచినవారికి దారి వేరు. హైదరాబాదులో 1940లో మొదలైన లలితకళల కళాశాల నేడు జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో భాగం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు లలితకళల శాఖ, కడపలో 2020లో ఏర్పడ్డ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఉన్నాయి. లలితకళల డిగ్రీ అయిన బి.ఎఫ్.ఏ.లో చేతిపని ప్రధానం. దాని పక్కన కళాచరిత్ర, సౌందర్యశాస్త్రం రాతపేపర్లుగా వస్తాయి. పీజీ స్థాయిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ కళాచరిత్రను ప్రత్యేకంగా నేర్పుతుంది.

తాడేపల్లిగూడెం ఇటీవలి దశాబ్దాల్లో చదువుల పట్టణంగా ఎదిగింది. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఊళ్లో 2015లో వచ్చిన ఎన్‌ఐటీ దేశం నలుమూలల నుంచీ విద్యార్థులను రప్పిస్తున్నాయి. గుంటుపల్లి కొండ అక్కడికి దూరమేమీ కాదు. కానీ ఇక్కడ చదువుల మీద పెట్టిన పెట్టుబడంతా ఇంజనీరింగు, వ్యవసాయ చదువుల వైపే వెళ్లింది.

చేతిపనుల చరిత్ర

కళాచరిత్ర అంటే గుళ్లు, గుహలే అనుకోవడం వల్ల ఈ సీమ తన సొమ్ములో సగం లెక్కవేయలేదు. పర్షియా నుంచి వలస వచ్చినవారు తెచ్చారని చెప్పే ఏలూరు ఉన్ని తివాచీలు 19వ శతాబ్దంలో విదేశాలకు ఎగుమతయ్యాయి. 1851 లండన్ మహాప్రదర్శనకూ వెళ్లాయి. మద్రాసు ప్రభుత్వం కోసం హెన్రీ హారిస్ 1908లో దక్షిణాది తివాచీ నేతపై రాసిన గ్రంథం వీటి నమూనాలకు ముఖ్యమైన ఆధారం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన నరసాపురం లేసు అల్లికపై లోతైన పుస్తకం రాసింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1982లో వచ్చిన ఆ పుస్తకం ఆడవాళ్ల కూలీ గురించి, ఎగుమతిదారుల లాభం గురించి చెబుతుంది. అల్లికలోని పువ్వు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఇంట్లో ఎలా మారింది అన్న ప్రశ్నలు కళాచరిత్ర విద్యార్థి కోసం ఇంకా మిగిలే ఉన్నాయి.

మదింపు

కావలి బొర్రయ్య నుంచి సోమశేఖర శర్మ, బాపిరాజుల వరకూ ఈ సీమలో కళను చదివినవారెవరూ కళాచరిత్రలో పట్టా పుచ్చుకున్నవారు కారు. ఒకరు సర్వే ఉద్యోగంలో, ఒకరు శాసనాల్లో, ఒకరు కుంచెతో ఆ విద్యను పట్టుకున్నారు. దాంతో ఒక మేలు, ఒక లోటు కలిగాయి. చదువు ఊళ్లకూ, గుళ్లకూ, మాటకూ దగ్గరగా నిలిచింది. పోల్చి చూసే పద్ధతి, ఫొటోల భాండాగారం, వరస తప్పని శిష్యపరంపర మాత్రం ఏర్పడలేదు. నేడు ఏలూరు విద్యార్థి ఈ విషయాన్నే చదవాలనుకుంటే బి.ఏ. చరిత్రతోనో బి.ఎఫ్.ఏ.తోనో మొదలుపెట్టి హైదరాబాదుకో బరోడాకో వెళ్లాలి. గుంటుపల్లి కొండ, పెదవేగి దిబ్బలు, పంచారామాలు రెండు, తివాచీ మగ్గం, లేసు అల్లిక ఒకరోజు ప్రయాణంలో అందే చోట ఒక కళాచరిత్ర డిగ్రీ నడపడానికి కావలసిన పాఠ్యసామగ్రి సిద్ధంగానే ఉంది, లేనిది శాఖ ఒక్కటే.